మా ఆల్టోకి ఇంట్లోనే రంగు వేశాను, షేడ్ దగ్గర ప్రాణం పోయింది

నిన్న సాయంత్రమే పాలిష్ అయిపోయింది. బానెట్ మీదికి వంగితే నా మీసం కనిపిస్తోంది. అనంతపురంలో, ఇంటి పక్క రేకుల షెడ్డులో, అద్దె కంప్రెషర్‌తో పాత ఆల్టో బానెట్‌కీ ఎడమ ఫెండర్‌కీ (ముందు చక్రం మీది రేకు) నేనే రంగు కొట్టుకున్నానంటే ఆ మాత్రం మురిసిపోనివ్వండి. బళ్లారి రోడ్డు పక్క ఒక షెడ్డులో అడిగితే, "రెండు పీసులే కొడితే కలవదు సార్, ఫుల్ బాడీ చేయించుకోండి" అని 45 వేలు చెప్పాడు. బండి అమ్మితే ఎంతొస్తుందో వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

మన ఎండకు ముందు పోయేది రంగు కాదు, రంగు మీద ఉండే పారదర్శకమైన పూత, అంటే క్లియర్ కోటు. బానెట్, రూఫ్ ఎప్పుడూ ఆకాశానికి ఎదురుగా ఉంటాయి కాబట్టి అక్కడ తెల్లగా పొక్కులు లేచి పొరలు పొరలుగా ఊడుతుంది. తలుపులు మాత్రం బాగానే ఉంటాయి. నా కారుదీ అదే కథ. ఫెండర్‌కి అదనంగా ఒక సొట్ట.

సొట్ట లాగించి, పుట్టీ పెట్టి, 180 నంబరు గరుకు పేపరుతో మొదలుపెట్టి 320 వరకు రుద్ది (నంబరు పెరిగేకొద్దీ పేపరు సన్నం), రంగు పట్టడానికి కింద వేసే ప్రైమర్ కొట్టి, మళ్లీ 600 వాటర్ పేపరుతో నీళ్లు పోస్తూ రుద్దాను. చేతులు నొప్పి తప్ప అందులో చెప్పుకోవడానికేమీ లేదు.

ఇక రంగు. నాది సిల్కీ సిల్వర్, కోడ్ జెడ్2ఎస్. పెట్రోల్ పోసే చోట ఉండే రంగు మూత విప్పి, కోడ్ కాగితం మీద రాసుకొని టౌన్‌లో ఒక పెయింట్ షాపుకు వెళ్లాను. అతను కాగితం వైపు చూడను కూడా చూడలేదు. "కోడెందుకన్నా, సిల్వర్ అంటే సిల్వరే" అని రెడీగా కలిపి పెట్టిన డబ్బా చేతిలో పెట్టాడు. మూత పక్కన పెట్టి చూస్తే ట్యూబ్‌లైట్ కింద రెండూ ఒకటిగానే ఉన్నాయి.

ఫెండర్‌కి కొట్టాను. పొద్దున ఎండ పడేసరికి తలుపు ఒక రంగు, ఫెండర్ ఇంకో రంగు. ఎదురుగా నిలబడితే కొంత నయం, పక్కకు జరిగితే నీలం కొడుతోంది. మా ఎదురింటి పెద్దాయన పాల ప్యాకెట్‌తో ఆగి, "ఇంకో కారు ముక్క తగిలించినావేమప్పా?" అన్నాడు.

షాపుకు వెళ్లి చెప్పాను. అప్పుడక్కడ షెడ్లలో పనిచేసే పెయింటర్లు ఐదారుగురు థిన్నర్ కోసం నిలబడి ఉన్నారు. వాళ్లందరి ముందు ఓనరు, "స్ప్రే గన్ను పట్టడం వచ్చునా సార్ మీకు? మెటాలిక్ అంటే గోడకు సున్నం కొట్టినట్టు కాదు" అన్నాడు. అందరూ నవ్వారు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివి, ఇరవై ఏళ్లు మిషన్లతో బతికినవాణ్ని. ఒక్క మాట రాలేదు నోట్లోంచి. ఇంటికొచ్చినా అన్నం సహించలేదు.

అతని మాటలో సగం నిజముంది, అదే మండించింది. మెటాలిక్ రంగులో సన్నని అల్యూమినియం రేకులుంటాయి. తడిగా ఎక్కువ కొడితే అవి లోపలికి దిగి రంగు ముదురుతుంది, గన్ను దూరం పెట్టి పొడిగా కొడితే పైనే ఉండిపోయి లేతగా కనిపిస్తుంది. అంటే చేతిని బట్టి ముదురు, లేత మారుతుంది. కానీ నీలం ఎక్కడి నుంచి వస్తుంది?

అట్ట ముక్కలకు ప్రైమర్ పూసి, అదే రంగును ఒకదానికి తడిగా, ఒకదానికి పొడిగా, ఒకదానికి మధ్యస్థంగా కొట్టాను. పైన క్లియర్ కూడా వేశాను. అన్నీ నీలమే. వాటిని పట్టుకుని మళ్లీ షాపుకు. ఓనరు కౌంటరు దాటి బయటికి రాడు. "ట్యూబ్‌లైట్ కింద సమంగానే ఉంది కదా" అంటాడు. కారు ట్యూబ్‌లైట్ కింద నడుస్తుందా? చివరికి ఒక ముసలి పెయింటరు నా చేతిలోని అట్ట, పెట్రోల్ మూత తీసుకొని రోడ్డు మీది ఎండలోకి పోయి, కళ్లకు దగ్గరగా వాలుగా పట్టి చూసి, "ఈ డబ్బా ఈ బండిది కాదు, సార్ చేతిలో తప్పేం లేదు" అన్నాడు. ఆయన కాళ్లకు మొక్కినా తప్పులేదు.

అప్పుడు మిక్సింగ్ మిషన్ దగ్గర కోడ్ కొట్టారు. ఒకే కోడ్‌కి కొంచెం కొంచెం తేడాతో రెండు మూడు ఫార్ములాలు ఉంటాయట. పెట్రోల్ మూతకు దగ్గరగా వచ్చేది ఎంచి, త్రాసు మీద గ్రాముల లెక్కన కలిపారు. క్షమించమన్న మాట లేదు. పైగా కొత్త డబ్బాకు పూర్తి డబ్బులు తీసుకున్నాడు. మీరు మాత్రం కళ్లముందు తూకం వేసి కలిపితేనే తీసుకోండి, డబ్బులిచ్చే ముందు అట్ట మీద కొట్టించి ఎండలో పక్కవాటుగా చూడండి. "సిల్వర్ అంటే సిల్వరే" అన్నవాడి దగ్గర దబ్బనం కూడా కొనకండి.

ఆ ముసలాయనే ఇంకో కిటుకు చెప్పాడు. రంగు ఫెండర్ అంచు దగ్గర ఆపకుండా పక్క తలుపు మీదికి కొంత పలచగా పోనిచ్చి, ఆ తలుపు మొత్తానికి క్లియర్ వేయాలి. అప్పుడు మిగిలిన చిన్న తేడాను కన్ను పట్టుకోలేదు. తలుపును ముందే సన్నపేపరుతో రుద్దుకోవాలి, లేకపోతే క్లియర్ పట్టదు. షెడ్డువాడు కలవదన్నది ఇలా కలిసింది.

క్లియర్ కోటు గురించి ఒక్కటే గట్టిగా చెబుతా. అది గట్టిపడటానికి కలిపే హార్డ్‌నర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, ఊపిరితిత్తులకు విషం. గుడ్డ కట్టుకుంటే, కరోనా మాస్కు పెట్టుకుంటే లాభం లేదు. పెయింట్ పనికని అమ్మే కార్ట్రిడ్జ్ మాస్కు కొనండి, గాలి ఆడేలా చూసుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. షెడ్లలో కుర్రాళ్లు ముక్కుకు కర్చీఫ్ కట్టుకుని రోజంతా కొడుతుంటారు. వాళ్లకు ఒక మాస్కు కొనివ్వలేని ఓనర్లు నాకు 45 వేలు చెబుతారు.

మన ఊరి గాలి సంగతి తెలిసిందే. తెల్లవారుజామున, గాలి లేవకముందు, నేలంతా నీళ్లు చల్లి, చుట్టూ పట్టలు కట్టి కొట్టాను. అయినా దుమ్ము నలకలు పడ్డాయి. క్లియర్ బాగా గట్టిపడ్డాక 1500, 2000 పేపర్లతో నీళ్లు పోసి రుద్ది, రబ్బింగ్ కాంపౌండ్ పెడితే పోయాయి. పగలు కొట్టాల్సి వస్తే నిదానంగా ఆరే థిన్నర్ అడగండి. మామూలుదైతే మన వేడికి రంగు దారిలోనే ఆరిపోయి గరుకుగా పడుతుంది.

రంగే మార్చాలనుకునేవాళ్లు ముందు ఆర్టీవో ఆఫీసు పని చూసుకోండి. ఆర్సీలో రంగు రాసి ఉంటుంది, అక్కడా మార్పించుకోవాలి. నాకా ఆఫీసు మెట్లెక్కే ఓపిక లేకే పాత రంగులోనే ఉండిపోయాను.

రూఫ్ ఇంకా మిగిలే ఉంది. ఆషాఢం గాలులు మొదలయ్యేలోపు కుదరదు, దసరా తర్వాతే. డబ్బా మీద ఫార్ములా స్టిక్కర్ ఉంది, దాన్ని ఫోటో తీసి పెట్టుకున్నాను. ఈసారి వేరే షాపులో కలిపిస్తాను.