ఖాళీగా ఉండాల్సిన లేన్

ఇక్కడికి పోస్ట్‌డాక్‌గా వచ్చిన ఎనిమిదో నెలలో జరిగిందిది. మా ల్యాబ్ పెద్దపేగు క్యాన్సర్ మీద పనిచేస్తుంది, నా వంతుకొచ్చింది కాక్స్-2 ఎంజైమ్. వాపు, నొప్పి, జ్వరం వచ్చినప్పుడు ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు తయారయ్యేది ఎక్కువగా దీనివల్లే. పెద్దపేగు కణితుల్లో చాలావాటిలో ఇది మామూలుకన్నా ఎక్కువ ఉంటుంది, అందుకే మాకింత పట్టింపు.

కాక్స్-2ని పట్టి చూపించడానికి ల్యాబ్‌లో ముందునుంచీ వాడుతున్న యాంటీబాడీ ఒకటుంది, కుందేలు పాలీక్లోనల్, అంటే కుందేలు నుంచి తీసిన రకరకాల యాంటీబాడీల మిశ్రమం. అందరూ వాడారు కదా అని నేనూ అదే తీసుకుని వెస్టర్న్ బ్లాట్లు వేసుకుంటూ పోయాను. ఒక్కో నమూనాలోని ప్రోటీన్లని జెల్‌లో ఒక్కో లేన్‌లో సైజు ప్రకారం విడదీసి, మనక్కావలసినదాన్ని యాంటీబాడీతో ఫిల్మ్ మీద గీతలా, అంటే బ్యాండ్‌లా చూడటమే ఈ బ్లాట్. కాక్స్-2 సైజైన 72 కిలోడాల్టన్ల దగ్గర బ్యాండ్ నల్లగా, అందంగా వచ్చేది, మూడు వారాలు అలాగే గడిచాయి. ఒకరోజు మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలతో వేశా. వాటికి ఎల్పీఎస్ అనే బ్యాక్టీరియా పదార్థం ఇస్తే కొన్ని గంటల్లో కాక్స్-2 బాగా పెరుగుతుంది, ఇవ్వకపోతే దాదాపు ఉండదు. నాకు మాత్రం రెండు లేన్లలోనూ ఒకేలా వచ్చింది.

పక్క ల్యాబ్‌లో మన తెలుగు అక్క ఒకావిడ ఉంది, ఫిల్మ్ పట్టుకెళ్లి చూపిస్తే అడిగిన మొదటి మాట, "నాకౌట్ కణాలతో వేశావా?" అంటే కాక్స్-2 జీన్ తీసేసిన కణాలు. వెయ్యలేదక్కా అన్నాను. "కాక్స్-1 కూడా దాదాపు అదే సైజు కదరా, రెండూ అరవై శాతం ఒకేలా ఉంటాయి, నీ యాంటీబాడీ దేన్ని పట్టుకుంటుందో బ్యాండ్ చూసి ఎలా చెప్తావ్?" కాక్స్-2కి దగ్గరి చుట్టం లాంటి ఎంజైమ్ కాక్స్-1, ఏ ప్రేరణా లేకుండానే ఆ కణాల్లో ఎప్పుడూ ఉంటుంది మరి.

ఆవిడ దగ్గరే కాక్స్-2 జీన్ తీసేసిన కణాలు తెచ్చుకుని వేశా. ఖాళీగా ఉండాల్సిన ఆ లేన్‌లోనూ బ్యాండ్ ఉంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కాంట్రాక్ట్ పొడిగింపు మాట్లాడే నెల అది, వీసా దానికే ముడిపడి ఉంది, మీ యాంటీబాడీ తప్పు అని బాస్‌తో చెప్తే ఏమవుతుందో అన్న భయం. చెప్పకుండా ఉంటే ఆ బ్లాట్లు పేపర్లోకి వెళ్తాయి, వాటిని నమ్మి ఇంకెవరో మందు కోసం నెలలు పోగొట్టుకుంటారు, అది ఇంకా తట్టుకోలేననిపించింది. పొద్దున్నే ఫిల్మ్‌లు టేబుల్ మీద పరిచి అంతా చెప్పాను. బాస్ చాలాసేపు చూసి, పాత పేపర్లలో ఇదే వాడామా అని అడిగారు. వాడాం అన్నాను. అవన్నీ మళ్లీ తిరగేద్దాం అన్నారు, ఆ మాటకి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

కాక్స్-2 చివర కాక్స్-1లో లేని 18 అమైనో ఆమ్లాల ముక్క ఒకటుంది, దాని మీద తయారుచేసిన మోనోక్లోనల్, అంటే ఆ ఒక్కచోటికే అంటుకునే ఒకే రకం యాంటీబాడీ, తెప్పించాం. రాగానే చిన్న చిన్న ట్యూబుల్లో పంచి తేదీ రాసి ఫ్రీజర్లో పెట్టా, మాటిమాటికీ కరిగించి గడ్డకట్టిస్తే పాడవుతుందని. ఎల్పీఎస్ ఇచ్చిన లేన్‌లో దగ్గరదగ్గరగా రెండు గీతలు, గ్లైకోసైలేషన్, అంటే ప్రోటీన్‌కి అతుక్కునే చక్కెరల తేడా వల్ల అలా వస్తాయి. నాకౌట్ లేన్‌లో ఏమీ లేదు. పాత మూడు వారాల పేజీల మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన కారణం రాసి సంతకం పెట్టి, క్యాన్సర్ కణాలతో మళ్లీ మొదటి జెల్ పోసుకున్నా.