నాలుగో ‘ప’

సెంట్రల్ స్టేషన్ బయట ఆటో అతను మైలాపూర్‌కి మూడు వందల యాభై అన్నాడు. రెండొందలకు మించి ఇవ్వనన్నాను. "సీజన్ మేడమ్" అన్నాడు, అదేదో ప్రభుత్వం వేసిన పన్నయినట్టు. మా తెనాలిలో సీజన్ అంటే మామిడిపళ్ళో, పెళ్ళిళ్ళో. చెన్నైలో డిసెంబరు నెలలో సీజన్ అంటే కచేరీలు. ఆటోవాళ్ళ దగ్గర్నుంచి లాడ్జిలవాళ్ళ దాకా అందరికీ అదే సాకు. ఒళ్ళు మండి, బ్యాగు ఈడ్చుకుంటూ రోడ్డు దాటి, పార్క్‌టౌన్ స్టేషన్‌లో ఐదు రూపాయల టికెట్ తీసుకుని తిరుమయిలైలో దిగాను. మిగిలిన మూడు వందల నలభై అయిదూ ఆ సాయంత్రమే, కచేరీలు పెట్టే ఒక సభ క్యాంటీన్‌లో హారతి కర్పూరమయ్యాయి.

నవంబరు చివర్లో ప్రోగ్రాముల జాబితాలు రాగానే వాటిని ప్రింటు తీసుకుని, పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకుంటూ వారం రోజులు కూర్చున్నాను. అది ఒక పరీక్షే. ఈవిడ నారద గానసభలో పాడే సాయంత్రమే ఆయన టీనగర్ కృష్ణ గానసభలో పాడతాడు, అదే సమయానికి మ్యూజిక్ అకాడమీలో నేను పదేళ్ళుగా ప్రత్యక్షంగా వినాలనుకుంటున్న వయొలిన్ ఉంటుంది. ఒక్క అకాడమీ ఉత్సవమే డిసెంబరు 15 నుంచి జనవరి 1 దాకా సాగుతుంది. 1927లో మద్రాసులో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు పక్కనే పెట్టిన సంగీత సదస్సు నుంచి పుట్టిన సంస్థ అది. పొద్దునపూట అకాడమీలో పండితుల ఉపన్యాసాలు, మధ్యాహ్నం చాలా సభల్లో కుర్రకారు కచేరీలు డబ్బుల్లేకుండా, సాయంత్రం పెద్దవాళ్ళవి డబ్బులు పెట్టి. మా ఆయన ఆ కాగితాలు చూసి, "నీకున్నవి రెండు చెవులే కదా" అని నవ్వి, తను మాత్రం రానన్నాడు.

ఇంత పెద్ద నగరంలో నైట్ లైఫ్ ఎలా ఉంటుందని మా మేనకోడలు ఫోన్‌లో అడిగింది. రాత్రి తొమ్మిదిన్నరకి మంగళం పాడేస్తారు, పదింటికి పట్టుచీరలన్నీ ఆటోల కోసం రోడ్డు మీద నిలబడతాయి, పదిన్నరకి అందరూ పెరుగన్నం తిని పడుకుంటారు, ఎందుకంటే మర్నాడు ఎనిమిదింటికే ఉపన్యాసం ఉంటుంది. అదీ నేను చూసిన నైట్ లైఫ్.

మొదటి రెండు రోజుల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. బాగా పాడారు, నేను బాగా నిద్రపోయాను. మైలాపూర్‌లో రెండో దశ మెట్రో కోసం రోడ్లన్నీ తవ్వేసి రేకులు అడ్డం పెట్టారు. లజ్ దగ్గర ఎదురుగా కనిపించే కాఫీ హోటల్‌కి వెళ్ళాలంటే అర కిలోమీటరు చుట్టూ తిరగాలి. రూముకి రోజుకి రెండు వేల ఎనిమిది వందలు, కిటికీ తెరిస్తే మెట్రో యంత్రం. అదీ ఒక శ్రుతేలే అనుకున్నాను.

పొద్దున్న అయిదున్నరకి కపాలీశ్వరాలయం మాడ వీధుల్లోకి వెళితే మాత్రం ఆ చిరాకంతా పోయింది. వాళ్ళ మార్గళి, మన ధనుర్మాసం ఒకటే. ఒకప్పుడు వాగ్గేయకారుడు పాపనాశం శివన్ ఈ వీధుల్లోనే భజన గోష్ఠి నడిపించాడు. నేను వెళ్ళిన రోజు కూడా ఒక చిన్న గుంపు హార్మోనియం మెడలో వేసుకుని పాడుకుంటూ వెళ్ళింది. ఒక ఇంటి ముందు ఒకావిడ ముగ్గు మధ్యలో ఆవుపేడ ముద్ద పెట్టి, దాంట్లో పసుపుపచ్చ గుమ్మడిపువ్వు గుచ్చుతోంది. మా అమ్మమ్మ పెట్టే గొబ్బెమ్మే. ఎంతసేపు నిలబడి చూశానో, ఆవిడ నా వైపు అనుమానంగా చూసి, గుమ్మడిపువ్వు నేనెక్కడ తీసేస్తానో అన్నట్టు అక్కడే నిలబడింది.

మూడో రోజు సాయంత్రం. సభ పేరు చెప్పను. కౌంటర్‌లో అతను "మంచి సీటు" అని ఆరు వందలు తీసుకుని ఇచ్చినది బాల్కనీ చివరి వరుస, సరిగ్గా ఏసీ కింద. చుట్టూ ఉన్న పెద్దవాళ్ళందరూ శాలువాలు, మంకీ క్యాపులతో వచ్చారు. వాళ్ళకి తెలుసు. నేను చీర కొంగు రెండు చుట్లు చుట్టుకుని కూర్చున్నాను.

పక్క సీటులో ఒక మామి. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. ముక్కుకి రెండు వైపులా పుడకలు, ఒళ్ళో ఒక పాత లాంగ్ నోట్‌బుక్. గాయని రాగం మొదలుపెట్టిన మూడో సెకనులో "కాంభోజి" అని తనలో తాను అనుకుని, నోట్‌బుక్‌లో సరిగ్గా కావలసిన పేజీ తీసింది. త్యాగయ్య ‘ఓ రంగశాయి’. తమిళ లిపిలో రాసుకుంది. నాకు తమిళం చదవడం రాదు గానీ, అక్షరాల మధ్య చిన్న చిన్న అంకెలు కనిపించాయి. 2, 3, 4. తాళం లెక్కేమో అనుకున్నాను.

చరణంలో ‘భూలోక వైకుంఠం ఇదియని’ అన్న దగ్గర గాయని నెరవల్ పట్టుకుంది. ఆ ఒక్క మాటనే పట్టుకుని పైకి కిందికి, నెమ్మదిగా, వేగంగా, ఇరవై నిమిషాలు. గొంతు ఎంత గొప్పగా ఉందో చెప్పలేను. కానీ ప్రతిసారీ ‘పూలోక’, ‘పూలోక’ అంటోంది. పదోసారికి నాకు నవ్వాగలేదు. శ్రీరంగం పూలలోకం అయిపోయింది. పొద్దున్న చూసిన గుమ్మడిపువ్వు గుర్తుకొచ్చి ఇంకా నవ్వు.

మామి తిరిగి చూసింది. "తెలుంగా?" అంది.

అవునన్నాను.

"నాలుగో ‘ప’" అని నోట్‌బుక్‌లో ఆ మాట మీద వేలు పెట్టింది. "ఇదిగో, 4 ఉంది కదా. ఈ పిల్లకి ఎవరూ నేర్పలేదు." తమిళంలో ప, ఫ, బ, భలకి ఒకటే అక్షరం కాబట్టి, తెలుగు పాటలు రాసుకునేటప్పుడు పక్కన అంకె వేసుకుంటారట. బ అయితే 3, భ అయితే 4. క, త వరుసలకీ అంతే. ఆవిడ నోట్‌బుక్ నిండా అవే అంకెలు. యాభై ఏళ్ళుగా నా భాషని అంకెలు వేసి మరీ పట్టుకుని కూర్చుంది.

నెరవల్ అయ్యి, స్వరాలయ్యి, మృదంగం ఒంటరిగా వాయించే తనియావర్తనం మొదలవగానే మామి లేచింది. "రా, ఇప్పుడైతే లైన్ ఉండదు." ఆ కుర్రాడు ప్రాణం పెట్టి వాయిస్తున్నాడు, పాపం కాదా అన్నాను. "వాడి గురువుది విన్నాను, ఆయన గురువుదీ విన్నాను. మోకాళ్ళు నావి" అంది. బాల్కనీలో సగం మంది అప్పటికే మెట్ల మీద ఉన్నారు.

క్యాంటీన్ గురించి చెప్పాలి. వెనకాల రేకుల షెడ్డు, స్టీలు బల్లలు, పైన ఫ్యాన్లు. మనం తింటుంటే మన కుర్చీ వెనకాలే తర్వాతివాళ్ళు నిలబడి, మన ఆకులో ఇంకెంత మిగిలిందో చూస్తుంటారు. రవ్వదోశ నూట అరవై, కాఫీ అరవై. అరటిపువ్వు వడ మాత్రం ఎంతయినా ఇవ్వచ్చు. పువ్వు వగరు కొద్దిగా ఉంచి, లోపల మెత్తగా, పైన కరకరలాడుతూ, చేతికి నూనె అంటకుండా. తర్వాత అశోకా హల్వా వచ్చింది. పెసరపప్పుతో చేస్తారు, చెంచాతో తీస్తే నెయ్యి చెంచాకంటే ముందే జారిపోతుంది. "ఇది తిరువయ్యారు వైపుది" అంది మామి. "మీ త్యాగరాజర్ ఊరిది." మీ అంది. ఆయన తిరువారూరులో పుట్టి అక్కడే పెరిగినవాడు కదా, మీరే ‘మా’ అనుకోవాలి అన్నాను. "భాష మీది కదమ్మా" అంది.

అక్కడే దొరికిపోయాను. ఆవిడ నోట్‌బుక్ తెరిచి, "అయితే ఇది చెప్పు. ‘జనులలో నే మిగుల’ తర్వాత వచ్చే మాటకి అర్థం ఏమిటి?"

ఆ పాట నాకు వచ్చు. చిన్నప్పుడు మా నాన్నగారు విజయవాడ రేడియో పెట్టి భక్తిరంజని వింటూ గడ్డం గీసుకునేవారు, అలా చెవిలో పడినవి చాలా ఉన్నాయి. మనసులో పాడుకుంటూ అక్కడికి వచ్చాను. ‘మేలోర్వలేని జనులలో నే మిగుల నొగిలి.’ ఒకరి మేలు ఓర్వలేని జనం మధ్య నేను చాలా... నొగిలి. నొగిలి అంటే? నలిగి? నొచ్చి? ఒక్కసారి కూడా ఆ మాట దగ్గర ఆగలేదు నేను. మా అమ్మకి ఫోన్ చేశాను. "రాత్రి తొమ్మిదింటికి నొగిలి ఏంటే, అన్నం తిన్నావా?" అంది. తనకీ తెలీదు.

చివరికి ఫోన్‌లో బ్రౌన్ నిఘంటువు తీశాను. నొగులు అంటే బాధపడు, దుఃఖపడు. 1852లో ఇదే మద్రాసులో అచ్చయిన పుస్తకం, రాసినది ఒక తెల్లదొర. అది చూసి, తెనాలి నుంచి వచ్చిన తెలుగు టీచర్ని, తమిళ మామికి అర్థం చెప్పాను.

మామి కళ్ళజోడు తీసి నా వైపు చూసింది. "అదా! నేను ‘మిగులనొ గిలి’ అనుకున్నాను. మాకు గిలి అంటే భయం. ఆ జనాన్ని చూస్తే త్యాగరాజర్‌కి చాలా భయం అనుకుని పాడేదాన్ని." నోట్‌బుక్‌లో ‘నొ’ని లాగి ‘గిలి’కి కలుపుతూ ఒక గీత గీసింది. కింద తమిళంలో అర్థం రాసుకుంది. పెన్ను మూత పెడుతూ, "భయమూ బాగానే కుదిరింది కదా?" అంది. కుదిరిందనే చెప్పాను. నిజంగానే కుదిరింది.

వాళ్ళాయన ఉన్నప్పుడు ఈ విషయం మీద ఇంట్లో రోజూ గొడవేనట. ఆయన తమిళ పాటల పక్షం. 1943లో తమిళ ఇసై సంఘం పుట్టినప్పుడు కుర్రాడు. కచేరీలో చివరి అరగంటలో పాడే చిన్న పాటలు, తుక్కడాలప్పుడు తప్ప తమిళం వినపడదు, అర్థం కాని పాటకి తలలెందుకు ఊపుతారు అని ఆయన వాదన. "ఆయన చెప్పింది న్యాయమే. కానీ కాంభోజి వచ్చిందంటే ఆయన తల కూడా ఊగేది" అంది మామి. అర్థం తెలియకుండా తల ఊపేవాళ్ళలో నేనూ ఉన్నానని ఆయనకి తెలిస్తే ఎంత సంతోషించేవాడో.

తర్వాత బాలమురళి మీద ఒక చిన్న యుద్ధం జరిగింది. కోనసీమలో శంకరగుప్తంలో పుట్టాడు, మావాడు అన్నాను. "ఇక్కడే ఉన్నాడు, 2016లో ఇక్కడే పోయాడు, అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది, మావాడు" అంది. పక్క బల్ల దగ్గరున్న ఒకాయన తనని అడక్కుండానే మామి పక్షం చేరాడు. మా ఊళ్ళో కచేరీ పెడితే ముందు వరుసలో కమిటీవాళ్ళు, వెనక వరుసలో పల్లీలవాడు ఉంటారు కాబట్టి నేను ఎక్కువ వాదించలేదు.

మేము పైకి వచ్చేసరికి తుక్కడాలు కూడా అయిపోయి మంగళం పాడుతున్నారు. ఆరు వందల టికెట్‌లో రెండొందలది క్యాంటీన్‌లో గడిచింది. మెట్ల దగ్గర మామి తన పేజీ ఒకటి చింపి, రెయిలింగ్ మీద పెట్టి ఏవో మాటలు రాసి ఇచ్చింది. "ఇవి నాకు తెలీనివి. వచ్చే సీజన్‌కి అర్థాలు తీసుకురా. అదే వరుసలో ఉంటాను, ఈ సభవాళ్ళు నాకు వేరే సీటు ఎప్పుడూ ఇవ్వరు." ఫోన్ నంబరు అడిగితే, వినపడదు, వద్దంది.

మర్నాడు మధ్యాహ్నం తిరుగు రైలు పినాకినిలో కాగితం తీశాను. అంతా తమిళ లిపి. ఒక్క అక్షరం తెలీదు. ఎదుటి సీటులో గుంటూరు వైపు ఇంజనీరింగ్ చదివే తమిళ కుర్రాడు ఉంటే చదివి పెట్టమన్నాను. ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ చదివాడు, నేను నా ఫోన్‌లో తెలుగులో రాసుకున్నాను. గూడూరు వచ్చేసరికి పదకొండు మాటలయ్యాయి. నాకు తెలిసినవి మూడు. చివరి దాని దగ్గర ఆగిపోయాడు.

"పాసిల్ల," అన్నాడు. "పక్కన నాలుగు ఉంది అక్కా. రూము నంబరా?"

"కాదు నాన్నా," అన్నాను, "నాలుగో ‘ప’. భాసిల్ల."