అట్టపెట్టెలో పానగల్లు నీడ

మొదటి ఆదివారం

నల్లగొండలో పెరిగిన ఎవరినైనా అడగండి, పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గురించి చెబుతారు. గర్భగుడి గోడ మీద స్తంభం నీడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలకుండా ఉంటుంది. అది ఏ స్తంభం నీడో చూపించమంటే మాత్రం అందరూ తలా ఒక స్తంభం చూపిస్తారు. కందూరు చోడుల కాలపు త్రికూటాలయం అది, మూడు గర్భగుళ్లు. వాటిలో ఒక్కదాంట్లోనే ఈ తమాషా.

మా జిరాక్స్ షాపు డాబా మీద ఆదివారాలు గల్లీ పిల్లలతో సైన్సు ఆటలు ఆడటం నాకు రెండేళ్లుగా అలవాటు. ఏడు నుంచి పది దాకా చదివేవాళ్లు, ఏడెనిమిది మంది వస్తారు. ఈసారి ఆ నీడనే పెట్టెలోకి దించుదామన్నాను.

మిక్సీ వచ్చిన అట్టపెట్టె దొరికింది. కోసి అతికించి లోతు 36 సెంటీమీటర్లు, వెడల్పు 32 చేశాం. లోపలంతా నల్ల చార్టు, వెనక గోడకు మాత్రం తెల్ల చార్టు. లోపలికి చూడటానికి పైమూతలో చిన్న కంత. ముందు గోడకు నడిమి గీత నుంచి చెరో వైపు 12 సెంటీమీటర్ల దూరంలో రెండు నిలువు కిటికీలు. స్తంభాలకు ముందు చాక్‌పీసులు పెట్టాం, తాకితే విరిగాయి. ఎండిపోయిన స్కెచ్ పెన్నులు బంకమట్టిలో గుచ్చాం. లావు సుమారు సెంటీమీటరు, నిటారుగా నిలబడతాయి.

ఫోన్ టార్చిని సూర్యుడిలా అటునుంచి ఇటు తిప్పితే నీడలు కూడా పరిగెత్తాయి. అది ఎవరికైనా తెలిసిందే. కిటికీలకు బటర్ పేపర్ అంటించి మళ్లీ తిప్పాం. నీడలు ఆగిపోయాయి! టార్చి ఎటు పోయినా వెలిగేది ఆ కాగితమే, కాగితం కదలదు. గుడిలోనూ సూర్యకిరణం నేరుగా గర్భగుడిలోకి రాదు, మండపం సందుల్లోంచి చెదిరిన వెలుగే వస్తుంది.

అయితే నీడ మసక మసకగా, మరకలా ఉంది. కిటికీలు 4 సెంటీమీటర్లు కోశాను, తప్పు నాదే. సెంటీమీటరు స్తంభానికి అంత వెడల్పు వెలుగు పెడితే నీడను అదే తినేస్తుంది. నల్ల కాగితం అంటించి 2 సెంటీమీటర్లకు తగ్గిస్తే నీడ నడుమ ఒక నల్ల గీత తేలింది.

రెండో ఆదివారం

స్తంభాలు రెండు, నీడలూ రెండు. గుడిలో ఉన్నది ఒకటే కదా. కిటికీ 12 దగ్గర ఉంది కాబట్టి స్తంభం అందులో సగం, 6 దగ్గర పెట్టాలన్నాడు పదో తరగతి పిల్లగాడు. ముందు గోడ నుంచి 24 సెంటీమీటర్ల లోతున, నడిమి గీతకు చెరో వైపు 6 దగ్గర నిలబెట్టాం. నీడలు ఒకదానికొకటి 6 సెంటీమీటర్ల ఎడంలో పడ్డాయి.

అప్పుడు నోటుపుస్తకం తీశాం. సరూప త్రిభుజాలు బడిలో నిరుడే అయిపోయాయట, పరీక్షతోనే పోయాయట. కిటికీ నుంచి వెనక గోడ నడిమి దాకా గీత గీస్తే 36 లోతు పోయేసరికి 12 పక్కకు జరుగుతుంది. స్తంభం ఉన్న చోటు నుంచి గోడకు ఇంకా మిగిలింది 12 లోతు, అంటే మూడో వంతు. కాబట్టి స్తంభం నడిమి గీతకు 12లో మూడో వంతు, 4 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. సగం లెక్క కావాలంటే స్తంభాన్ని కూడా సగం లోతున, 18 దగ్గర పెట్టాలి. పిల్లగాడి లెక్క తప్పు కాదు, చోటు తప్పు.

4 దగ్గరకు జరిపాం. రెండు నీడలూ నడుమ ఒకటై గాఢంగా నిలబడ్డాయి. నేను చప్పట్లు కొట్టబోతుంటే ఎనిమిదో తరగతి పాప కంతలోంచి తల ఎత్తకుండానే అంది: "అన్నా, ఆగు. మూడున్నయ్."

నిజమే. నడుమ నల్లటిది, చెరో పక్క లేతగా ఒక్కోటి. కుడి కిటికీ వెలుగు ఎడమ స్తంభాన్ని కూడా తాకుతుంది కదా, ఆ నీడ ఎడమ పక్కకు 12 దగ్గర పడుతోంది. రెండో స్తంభానిది కుడి పక్కకు. నడుమ రెండు కిటికీల వెలుగూ ఆగుతుంది, పక్కల ఒక్కదానిదే ఆగుతుంది, అందుకే లేత. ఇంత దూరం నాకు తట్టలేదు, ఒప్పుకుంటాను. గర్భగుడి ఇరుకుగా ఉంటుంది కదా అని వెనక గోడ దగ్గర 6 సెంటీమీటర్ల పొడుగు అట్టముక్కలు రెండు వైపులా నిలబెట్టి, వెడల్పు 12కు కుదించాం. పక్క నీడలు మాయం.

మూడో ఆదివారం

వాన. షాపులోనే కూర్చుని పాత ల్యాప్‌టాప్‌లో స్క్రాచ్ తెరిచాం, పిల్లలు దిమ్మెలు పేర్చి ప్రోగ్రాములు రాసే సాఫ్ట్‌వేర్ అది, నెట్ లేకుండా నడిచేది. స్క్రాచ్ తెర దాని సొంత కొలతలో 480 అడుగుల (స్టెప్స్) వెడల్పు, 360 ఎత్తు. మన పెట్టె లోతు 36, అంటే సెంటీమీటరుకు పది అడుగులు పెడితే అచ్చంగా సరిపోయింది. నీడ చోటు కనుక్కునే లెక్క ఒక్క వరుసే: కిటికీ చోటుకు, స్తంభం చోటులోంచి కిటికీ చోటు తీసేసి 36/24తో గుణించింది కలపాలి. ఎడమ వైపు మైనస్. కిటికీ మైనస్ 12, స్తంభం మైనస్ 4, తేడా 8; మైనస్ 12కు ఆ 8కి ఒకటిన్నర రెట్లు కలిపితే సున్నా, అంటే సరిగ్గా నడుమ. పిల్లలు స్తంభం లోతును స్లైడరుతో జరుపుతూ అరగంట ఆడారు.

ఒకటే ఇబ్బంది: ప్రతిసారీ తెర మీద అడ్డగోలు గీతలు. కొత్త చోటుకు పోయే ముందు పెన్ అప్, అంటే గీసే పెన్నును పైకి లేపే ఆదేశం, పెట్టడం మరిచారు. అది చూపించే సరికే కరెంటు పోయింది.

నాలుగో ఆదివారం

పొద్దున్నే పానగల్లు పోయాం. ఉదయసముద్రం చెరువు గట్టు మీద కాసేపు గాలి తిన్నాక గుడికి. పిల్లలు దండం పెట్టుకున్న వెంటనే పని మొదలుపెట్టారు. ఒకడు మండపంలో వెలుగొచ్చే వైపు అడ్డంగా నిలబడ్డాడు, మిగతావాళ్లు లోపల నీడను చూశారు. వెలుగు కొద్దిగా తగ్గింది, నీడ జరగలేదు. పెట్టెలో ఒక కిటికీకి చెయ్యి అడ్డం పెట్టినప్పుడూ అంతే, నడిమి నీడ అక్కడే ఉంది. పెట్టెలో ఒక స్తంభం తీసేస్తే అది లేతబడుతుంది, ఆ పరీక్ష గుడిలో కుదరదు.

పంతులు గారు ఏం వెతుకుతున్నారని అడిగారు. ఎనిమిదో తరగతి పాప గర్భగుడి పక్క గోడలు చూపించి, "పక్క నీడలు ఎటు పోయినయో చూస్తున్నం, అయ్యగారూ" అంది. ఆయన కూడా వంగి చూశారు.

వచ్చే వారం పెట్టెకు మూడో కిటికీ కోయాలట. బటర్ పేపర్ ఒక షీటే మిగిలింది.