రంగం గ్యాస్ ఎవరి పొయ్యిలోకి?

మా మామ్మ వాళ్ళ నాన్నగారు కాకినాడలో ఓడెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళారట. అక్కడ తెలుగువాళ్ళని కోరంగీలు అనేవారు, మన కోరంగి రేవు పేరు మీదే. అందుకేనేమో బర్మా వార్త ఎక్కడ కనబడినా ఆగి చదువుతాను, 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కున్నాక చదివేదంతా యుద్ధమే అనుకోండి.

నన్ను పట్టుకున్నది మాత్రం గొట్టాల కథ. అరకాన్ తీరంలో క్యౌక్‌ప్యూ దగ్గర రెండు పైపులైన్లు మొదలై చైనాలోని యునాన్ దాకా పోతాయి. ఒకదాంట్లో సముద్రంలోని ష్వే బావుల గ్యాస్ 2013 నుంచి, ఇంకోదాంట్లో ట్యాంకర్లలో వచ్చిన క్రూడ్ 2017 నుంచి. తన చమురు ఓడలొచ్చే మలక్కా జలసంధి ఎవరైనా మూసేస్తే తన గతేంటని చైనాకి ఎప్పట్నుంచో టెన్షన్, దానికి వేసుకున్న అడ్డదారి ఇది, తీరా చూస్తే అదిప్పుడు యుద్ధం మధ్యలోంచి పోతోంది. 2024 ఆఖరుకి రఖైన్‌లో (అరకాన్‌కి ఇప్పటి పేరు) చాలా భాగం సైన్యంతో పోరాడుతున్న అక్కడి సాయుధ దళం అరకాన్ ఆర్మీ చేతికొచ్చింది, క్యౌక్‌ప్యూ ఊరు మాత్రం అప్పటికి సైన్యం దగ్గరే ఉంది. ఇద్దరికీ చైనాతో పనుంది కాబట్టి గొట్టం జోలికి పోవడానికి ఇద్దరూ వెనకాడతారని నా అంచనా.

థాయ్‌లాండ్ కూడా 1990ల చివర్నుంచి బర్మా సముద్రంలోని యదానా బావుల గ్యాస్‌తో కరెంటు చేసుకుంటోంది. 2022లో ఆ బావుల్లో వాటాలున్న విదేశీ కంపెనీలు టోటల్, షెవ్రాన్ తప్పుకుంటామన్నాయి, గ్యాస్ ఆగలేదు. రంగంలో మాత్రం గంటల తరబడి కోతలు!

ష్వేలో మన ప్రభుత్వరంగ కంపెనీలకీ వాటా ఉందండోయ్. బంగ్లాదేశ్ మీదుగా ఆ గ్యాస్ తెచ్చుకుందామని 2005లో మూడు దేశాలూ మాట్లాడుకున్నాయి, తేలలేదు, చైనా పట్టుకుపోయింది. వచ్చి ఉంటే ఇప్పుడు ఆ టెన్షన్ మనకుండేది.

యుద్ధం లేని చోటే గొట్టం పక్కన బతకడం ఎలా ఉంటుందో మా కోనసీమ వాళ్ళకి తెలుసు. 1995లో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. 2014లో నగరం గ్రామంలో పైపు పేలి తెల్లారేసరికి ఇళ్ళకి ఇళ్ళే మాడిపోయాయి. మా కొబ్బరితోట అవతలా ఒక గొట్టం పోతుంది. ఆ మధ్య వానల్లో బోదెలో బుడగలొస్తుంటే గుర్తురాయి మీదున్న నంబరుకి ఫోన్ చేశాం, రెండోసారి చేశాక వచ్చి చూసి, ఏం లేదు, బురద గాలి అన్నారు. అరకాన్‌లో గొట్టం పక్క రైతుకి బోదెలో బుడగలు కనబడితే ఎవరికి ఫోన్ చేస్తాడు, సైన్యానికా, అరకాన్ ఆర్మీకా?