మా వీధి మలుపు దగ్గర

పాల ప్యాకెట్ పట్టుకుని మలుపు దాటుతుండగా, పెద్ద రోడ్డు మీది సిగ్నల్‌ను తప్పించుకోవడానికి మా కాలనీలోకి మళ్లిన కారొకటి నా మోచేతిని రాసుకుంటూ దూసుకుపోయింది. ప్యాకెట్ పగిలి, పాలు ఎదురింటి ముగ్గు మీదుగా పారాయి.

“మొన్న మా మనవడికీ ఇలాగే వెంట్రుకవాసిలో తప్పిందమ్మా” అన్నారు పిన్నిగారు. ఆ మాట విన్నాక నా చేతి నొప్పి గుర్తు రాలేదు.

మేము చందాలు వేసుకుని పోయించిన స్పీడ్ బ్రేకర్ ఇరుకుగా, నిటారుగా ఉంది. దేశంలో రోడ్ల ప్రమాణాలు రూపొందించే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం అది బండి వెళ్లే దిశలో 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తుతో, గంటకు 25 కిలోమీటర్ల వేగంలో సాఫీగా దాటేలా ఉండాలి.

అయితే వేగం తగ్గినంత మాత్రాన బండ్ల రద్దీ తగ్గిపోదు కనుక, వీధి రెండో చివరను కార్లకు మూసి, నడిచేవారికీ సైకిళ్లకూ మాత్రమే దారి వదలాలని రేపటి కాలనీ సమావేశంలో గట్టిగా అడగబోతున్నాను.