తీర్థన్ ఎగువన ఐదు రోజులు

ఢిల్లీలో రాత్రి ఎక్కిన మనాలి బస్సు మరునాడు తెల్లవారేసరికి మమ్మల్ని ఔట్ సొరంగం దగ్గర దించి, తన దారిన ఉత్తరానికి వెళ్లిపోయింది. అక్కడ దిగినది నేనూ, వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతున్న మా అమ్మాయీ మాత్రమే. హిమాచల్ ప్రదేశ్‌లోని కులు జిల్లాలో ఉన్న గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కులో కొన్ని రోజులైనా నడిచి రావాలని తను రెండేళ్లుగా అడుగుతోంది. ఆ మే నెల మూడో వారానికి మాకు తీరిక కుదిరింది.

లార్జీ దగ్గర బియాస్ నదికి ఆనకట్ట కట్టి 126 మెగావాట్ల విద్యుత్కేంద్రాన్ని నడుపుతున్నారు. తీర్థన్, సైంజ్ నదులు బియాస్‌లో కలిసేదీ అక్కడే. పక్కనున్న సైంజ్ లోయలో జలవిద్యుత్ ప్రాజెక్టులు వెలిశాయి కాని, తీర్థన్ మీద మాత్రం ఒక్కటీ లేదు. తమ నదిని సొరంగాల్లోకి మళ్లించవద్దని ఈ లోయవాసులు న్యాయస్థానం దాకా వెళ్లి పోరాడారు. అందుకే బంజార్ మీదుగా గుషైనీ చేరేవరకు జీపు కిటికీలోనుంచి మాకు కనిపించినది ఎక్కడా ఆగని, తెల్లని నురుగుతో రాళ్ల మీదుగా దూకుతూ వచ్చే నీరు. నది ఒడ్డున పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి కాబోలు, ఆనకట్ట లేని నదిని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

గుషైనీలో రోడ్డు దాదాపు ఆగిపోతుంది. రాయి వరుస మీద దేవదారు దూలం, దూలం మీద మళ్లీ రాయి పేర్చి కట్టిన పాత పద్ధతి ఇల్లొకటి మాకు బస అయింది. భూకంపం వచ్చినా ఆ గోడ ఊగుతుందే తప్ప కూలదని ఇంటి యజమానురాలు చెప్పారు. రాత్రి భోజనానికి ఆమె సిడ్డూ చేశారు. పులియబెట్టిన గోధుమపిండి ముద్దలో అక్రోటు పప్పు నూరిపెట్టి, మన కుడుముల్లాగే ఆవిరి మీద ఉడికించి, వేడివేడిగా నేతిలో ముంచి తినే వంటకమది. మా అమ్మాయి మూడు తిన్నది. మన డ్వాక్రా సంఘాల వంటి పొదుపు సంఘాలు ఈ లోయ మహిళలకూ ఉన్నాయని, ఆమె కూడా ఒక సంఘంలో సభ్యురాలని, అడవి ఆప్రికాట్ గింజల నుంచి తీసిన నూనెను కలిసి అమ్ముకుంటారని మాటల్లో తెలిసింది. అటువంటి సంఘాలు ఎందుకు అవసరమయ్యాయో నాకు ఆ రాత్రి తెలియదు.

పార్కు లోపలికి వెళ్లాలంటే అనుమతి పత్రం ఉండాలి, స్థానికులను వెంట తీసుకుని నడవాలి. మాకు ఇద్దరు తోడు వచ్చారు. ఒకరు పాతికేళ్ల మార్గదర్శి. రెండవవారు బరువులు మోయడానికి వచ్చిన, అరవై దాటిన పెద్దాయన. గుండ్రని కులు టోపీ, వీపున కిల్టా అనే వెదురుబుట్ట. ఆ వయసు మనిషి చేత బియ్యం, పప్పులు మోయించడం నాకు మనస్కరించలేదు. సగం సరుకు నా సంచిలో పెట్టుకుంటానంటే ఆయన ఒప్పుకోలేదు. "భాయ్ సాబ్, మీరు మీ ఊపిరిని మోసుకొస్తే చాలు" అన్నారు. మూడో రోజుకు ఆ మాటలోని నిజం నాకు బాగా తెలిసివచ్చింది. మా అమ్మాయి ఆయన్ని మొదటి గంటలోనే చాచాజీ అని పిలవడం మొదలుపెట్టింది.

మొదటి రోజు నడక నది వెంబడే రోల్లా వరకు, సుమారు తొమ్మిది కిలోమీటర్లు. దారికి అటూఇటూ పండుతున్న బార్లీ చేలు, వెల్లుల్లి మడులు, ఆపిల్ తోటలు. ఊళ్లు పలుచబడిన కొద్దీ అక్రోటు చెట్లు, వాటి నీడలో నీటి చప్పుడు. నది మధ్య రాతి మీద గోధుమరంగు పిట్ట ఒకటి కూర్చుని మోకాళ్లు వంచి లేస్తూ, ఉన్నట్టుండి ఆ ఉరవడిలోకి దూకి మాయమైంది. కొట్టుకుపోయిందనుకుని నేను కంగారు పడ్డాను. అది నీటి అడుగున రాళ్లను పట్టుకుని నడుస్తూ పురుగులను ఏరుకుతింటుందని మార్గదర్శి చెబుతుండగానే మరో రాతి మీద తేలింది. పార్కు ద్వారం రోల్లా దగ్గర ఉంది. ఆ చోటు ఎత్తు సుమారు 2,100 మీటర్లు. మన తూర్పు కనుమల అత్యున్నత శిఖరాలు 1,700 మీటర్ల దరిదాపుల్లోనే ఆగిపోతాయి. ఇక్కడ నడక మొదలయ్యే లోయ అడుగే వాటికన్నా ఎత్తు.

ఈ అరణ్యాన్ని నేషనల్ పార్కు చేయాలన్న తొలి ప్రకటన 1984లో వెలువడింది. తుది ప్రకటన రావడానికి 15 ఏళ్లు పట్టింది. 1999లో 754 చదరపు కిలోమీటర్ల ప్రాంతం మేతకు, మూలికల సేకరణకు, వేటకు పూర్తిగా మూసుకుపోయింది. 2014లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. బయలుదేరే ముందు నేను చదువుకున్నది ఇంతవరకే.

రెండో రోజు రోల్లా నుంచి షిల్ట్‌కు ఎక్కాము. నది చప్పుడు క్రమంగా అడుగున దిగిపోయింది. దాదాపు వెయ్యి మీటర్ల ఎక్కుడు అది. మొదట సింధూర వృక్షాలు, వాటి కింద సన్న వెదురు పొదలు, ఆ పైన ఆకాశాన్ని కప్పేసే ఫర్ చెట్లు. బురాన్స్ అని ఇక్కడివారు పిలిచే ఎర్రని రోడోడెండ్రాన్ పూలు దారంతా రాలిపడి ఉన్నాయి. సగం దారిలో నా కుడి బూటు అడుగు ఊడి వేలాడింది. పెద్దాయన కిల్టా దించి, అందులోని జనపనార తాడు తీసి, బూటు చుట్టూ మూడు వరుసలు బిగించి ముడివేశారు. ఆ ముడి యాత్ర ముగిసేవరకు ఊడలేదు.

షిల్ట్‌లో అడవి మధ్య చిన్న బయలు, దాని అంచున అటవీశాఖ కట్టిన కుటీరం ఉన్నాయి. మేము అక్కడ మూడు రాత్రులు గడిపాము. అక్కడికి అందరూ వచ్చేది జుజురాణా కోసం. పక్షుల రాజు అని ఆ పేరుకు అర్థం. సృష్టికర్త లోకంలోని పక్షులన్నింటి నుంచి ఒక్కొక్క ఈక అడిగి తీసుకుని ఈ పక్షిని అలంకరించాడని ఇక్కడి కథ. పశ్చిమ హిమాలయంలో తప్ప మరెక్కడా లేని ఈ నెమలిజాతి పక్షిని 2007 నుంచి హిమాచల్ రాష్ట్ర పక్షిగా గౌరవిస్తున్నారు. మూడో రోజు తెల్లవారుజామున నాలుగు గంటలకు మార్గదర్శి మమ్మల్ని లేపి, దీపం వెలిగించవద్దని సైగ చేసి, వెదురు పొదల అంచుకు తీసుకుపోయాడు. చలికి వేళ్లు మొద్దుబారుతుండగా అరగంటసేపు ఏమీ వినిపించలేదు. అప్పుడు కింది వాలు నుంచి, మందలోంచి తప్పిపోయిన మేకపిల్ల ఏడ్చినట్టు, ఒక పొడుగాటి కూత లేచింది. ఆగి ఆగి ఏడెనిమిది సార్లు వినిపించింది. మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తెల్లగా వెలుగు వచ్చాక కూత ఆగిపోయింది, పక్షి మాత్రం కనిపించలేదు. నాకు ఏ కొరతా తోచలేదు. మనుషుల అలికిడికి దూరంగా బతకడానికి దానికి ఒక చోటు మిగిలి ఉందని ఆ కూతతోనే నాకు నమ్మకం కలిగింది.

ఆ మధ్యాహ్నం వడగళ్లు పడ్డాయి. బయలు తెల్లబడింది, కుటీరంలో పొయ్యి చుట్టూ కూర్చోవడం తప్ప చేయగలిగింది లేకపోయింది. పెద్దాయన మాట్లాడింది అప్పుడే. ఆయన కులూయీ కలిసిన హిందీ, నా హైదరాబాదు హిందీ కొంతసేపటికి ఒకదానికొకటి అలవాటు పడ్డాయి.

పన్నెండేళ్ల వయసు నుంచి ఆయన తండ్రి వెంట గొర్రెలను మేపుతూ ఈ కొండలు ఎక్కారట. వేసవిలో మంచు కరిగే కొద్దీ మంద ఒక్కొక్క థాచ్ దాటుకుంటూ పైకి వెళ్లేది. థాచ్ అంటే చెట్లకు పైన, మంచుకు కింద పరుచుకున్న గడ్డి మైదానం. మగవాళ్లు మందల వెంట ఉంటే, ఆడవాళ్లు, పిల్లలు వసంతంలో అడవిలో గుచ్చీ పుట్టగొడుగులను, వానల తర్వాత పై మైదానాల్లో కడూ, పతీస్ అనే మందు మొక్కల వేర్లను తవ్వి అమ్మేవారు. ఇంటికి రొక్కం వచ్చేది ఆ వేర్ల వల్లనే. 1999 తర్వాత అన్నీ ఆగిపోయాయి. ఈ ఏర్పాటును అధ్యయనం చేసినవారు రాసినవి తిరిగి వచ్చాక చదివాను. 19వ శతాబ్దం చివర తయారైన అటవీ హక్కుల దస్తావేజులో ఎవరి పూర్వీకుల పేర్లు ఉన్నాయో నష్టపరిహారం వారికే దక్కింది. వేర్లు తవ్వి బతికిన నిరుపేదల్లో చాలామందికి ఆ లెక్కలో చోటు లేదు. పొదుపు సంఘాలు, యాత్రికుల బరువులు మోసే పనులు ఆ లోటు పూడ్చడానికి పుట్టినవే. నల్లమలలోని చెంచు పెంటల ముందు కూడా ఇదే ప్రశ్న ఏళ్ల తరబడి నిలబడి ఉంది కనుక, నాకు ఈ కథ కొత్తగా తోచలేదు.

"మీకు కోపం లేదా చాచాజీ?" అని మా అమ్మాయి అడిగింది. ఆయన చాలాసేపు పొయ్యిలోకి చూశారు. "అడవి బాగుంది బేటీ. మందలు ఉన్నప్పుడు ఇంత బాగా లేదు, అది కూడా నిజమే" అన్నారు. కోపం సంగతి చెప్పలేదు.

నాలుగో రోజు ఆకాశం తేటపడింది. రఖుండీ శిఖరానికి, సుమారు 3,600 మీటర్ల ఎత్తుకు, బయలుదేరాము. చెట్లు పొట్టివై, వంకరలు తిరిగి, భోజపత్ర వృక్షాల తెల్లని బెరడు కనిపించసాగింది. ఆ బెరడు మీదే ఒకప్పుడు కాశ్మీర పండితులు గ్రంథాలు రాసుకున్నారు. లేత ఊదారంగు పూల పొదలు దాటి బయటి గడ్డిలోకి అడుగుపెట్టేసరికి, మోనాల్ మగపక్షి ఒకటి ఈలవేస్తూ మా ముందు నుంచి లేచి లోయలోకి జారింది. నీలం, పచ్చ, రాగి వన్నెలు ఎండలో ఒక్క క్షణం మెరిసి, నడుము మీది తెల్లమచ్చ మాత్రం చాలా దూరం వరకు కనిపించింది. పది అడుగులకొకసారి ఆగవలసి వచ్చింది నాకు. తలలో సన్నగా నొప్పి మొదలైంది. పెద్దాయన నా వెనుకే, నేను ఆగినప్పుడల్లా తానూ ఆగుతూ వచ్చారు.

మంచు అప్పుడే కరిగిన ఒక చోట ఆయన వంగి, గడ్డిలోంచి బొటనవేలంత పైకి వచ్చిన లేత ఆకును చూపించి, "పతీస్" అన్నారు. మా అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని పరీక్షగా చూసి, "నాన్నా, ఇది అతివస" అంది. నాకు నోట మాట రాలేదు. నా చిన్నప్పుడు మా అమ్మ మూలికల కొట్టులో కాగితం పొట్లంలో కట్టించి తెచ్చేది. తమ్ముడికి విరేచనాలైతే సాన మీద అరగదీసి, తేనెలో కలిపి నాలుకకు రాసేది. ఆ బూడిదరంగు వేరు ముక్క ఏ ఊరి నుంచి వచ్చిందని మా ఇంట్లో ఎవరమూ అడగలేదు. ఇటువంటి వాలు మీద, ఇటువంటి చలిలో, పెద్దాయన తల్లిలాంటి ఎవరో తవ్వి, కిల్టాలో మోసుకుని దిగితేనే అది మా గోదావరి జిల్లా దాకా వచ్చి ఉంటుంది. ఆ సంగతి చెబితే పెద్దాయన ముఖం వెలిగింది. "మీ అమ్మగారు అరగదీసేవారా? రాతి మీదేనా?" అని రెండు సార్లు అడిగారు. మొక్కను ముట్టుకోకుండా లేచాము.

శిఖరం మీద అరగంట ఉన్నాము. తూర్పున తీర్థన్ పుట్టే మంచు కొండలు, వాటి ఒడిలో ఇంకా పసుపుపచ్చగా ఉన్న మైదానాలు. పెద్దాయన చెయ్యి చాచి ఒక్కొక్క థాచ్ పేరూ చెప్పసాగారు. ఎక్కడ నీరు దొరికేది, ఎక్కడ ఎలుగుబంటి మంద మీద పడింది, ఎక్కడ తన తండ్రి జ్వరంతో నాలుగు రోజులు పడి ఉన్నారు, అన్నీ ఆ పేర్లతోనే చెప్పారు. మా దగ్గరున్న పటంలో ఆ పేర్లలో రెండు మాత్రమే ఉన్నాయి. మా అమ్మాయి పుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టింది కాని, గాలి పెరగడంతో మార్గదర్శి దిగుదామని తొందరపెట్టాడు.

ఐదో రోజు షిల్ట్ నుంచి గుషైనీ వరకు ఒకేసారి దిగాము. మోకాళ్లు నొప్పెట్టడం తప్ప ఆ దారి గురించి చెప్పవలసింది పెద్దగా లేదు. గుషైనీలో బస్సు రావడానికి ఇంకా గంటన్నర ఉంది. పెద్దాయన కూలి లెక్క చూసుకుని వెళ్లిపోతారనుకున్నాను. కాని టీ కొట్టు బల్ల మీద మా అమ్మాయి పక్కన కూర్చుని, రఖుండీ మీద ఆగిపోయిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టారు. తను దేవనాగరిలో ఒకసారి, తెలుగులో ఒకసారి రాసి చదివి వినిపిస్తోంది. బస్సు హారన్ వినబడేవేళకు పదిహేడు పేర్లయ్యాయి. కిటికీ పక్క సీట్లో కూర్చుని తను చివరి పేరు మళ్లీ చదివితే, ఆయన కింద నిలబడి తల అడ్డంగా ఊపి, ఆ పేరులో మనకు లేని ఒక అక్షరాన్ని పలికి చూపించారు.