గానుగ పినియన్ కోసం పడ్డ పాట్లు: 4 డీపీని 6 మాడ్యూల్ చేసి నెత్తిన రుద్దారు

నిన్న సాయంత్రం మా చెరకు గానుగ మళ్ళీ తిరిగింది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు దగ్గరున్న పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ చుట్టుపక్కల పల్లెల్లో మాలాంటి పాత క్రషర్లు ఉన్నవాళ్ళకి పనికొస్తుంది.

మాది తాతల నాటి మూడు రోలర్ల క్రషర్. 10 హెచ్‌పీ మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది, చెరకు నలగడానికి రోలరు పది చుట్ల దగ్గర తిరిగితే చాలు. మధ్యలో బెల్టూ, రెండు జతల పళ్ళ చక్రాలూ ఆ వేగాన్ని తగ్గించి బలంగా మారుస్తాయి. మోటారు షాఫ్టు దగ్గర 50 న్యూటన్ మీటర్లున్న టార్క్ (తిప్పే బలం), రాపిడికి పోయింది పోగా, రోలరు దగ్గర ఐదారు వేలవుతుంది. మొదటి జతలో చిన్న చక్రమైన 17 పళ్ళ పినియన్‌కి రెండు పళ్ళు ఎగిరిపోయాయి. కొట్టిన చెరకు కళ్ళంలో ఎండిపోతోంది. రోజు గడిస్తే రసం తగ్గుతుంది, పాకం గట్టిపడదు, బెల్లం దిమ్మ కట్టదు. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్.

పినియన్ విప్పడం కష్టం కాలేదు, పుల్లర్ వేస్తే వచ్చేసింది.

నేను ఐటీఐలో ఫిట్టర్ చేసినవాణ్ణి, మా వైపు మిషన్ ఏది ఆగినా నన్నే పిలుస్తారు. పళ్ళు బేసి సంఖ్య కాబట్టి వెర్నియర్ రెండు కొనల మీద ఎదురెదురుగా పట్టదు, తక్కువ చూపిస్తుంది. అందుకే బోరు (షాఫ్టు దూరే రంధ్రం) మధ్య నుంచి పంటి కొన దాకా కొలిచి రెట్టింపు చేశాను. 120 మిల్లీమీటర్ల పైచిలుకు వచ్చింది. దాన్ని పళ్ళకి రెండు కలిపి, అంటే 19తో భాగిస్తే వచ్చేది మాడ్యూల్, పంటి సైజుకి మిల్లీమీటర్ల లెక్క. అది 6.3 దాటింది. అలాంటి మాడ్యూల్ కట్టర్ మామూలుగా దొరకదు. అదే అంగుళాల్లోకి మారిస్తే 4 డీపీ (డయామెట్రల్ పిచ్, పంటి సైజుకి అంగుళాల లెక్క) సరిగ్గా కుదురుతుంది. పాత మిషన్లన్నీ బ్రిటిష్ కొలతలవే కదా. కాగితం మీద పెద్ద అక్షరాలతో ‘4 డీపీ, 17 పళ్ళు’ అని రాసి, విరిగిన పినియన్‌తో పాటు వైజాగ్‌లో ఒక గేర్ల షాపులో ఇచ్చాను. కౌంటరు దగ్గరున్న ఆయన కాగితం వైపు చూడనైనా లేదు. “డీపీ గీపీ ఇప్పుడెవరు వాడుతున్నారు బాబూ, శాంపిల్ ఉంది కదా, అదే చేస్తాం” అన్నాడు. డబ్బు మొత్తం ముందే కట్టించుకున్నాడు.

తెచ్చి బిగిస్తే మొదటి పన్ను దిగింది, రెండోది పెద్ద చక్రం పంటి నెత్తిన కూర్చుంది. కొలిచి చూస్తే బయటి డయా 114. కోసింది 6 మాడ్యూల్‌తో. పంటికీ పంటికీ దూరం 4 డీపీలో దాదాపు 19.95 మిల్లీమీటర్లు, 6 మాడ్యూల్‌లో 18.85. పంటికి మిల్లీమీటరు తేడా ఉంటే ఆ రెండు చక్రాలు జన్మలో కలవవు.

మళ్ళీ గుణుపూర్ ప్యాసింజరెక్కి వైజాగ్ షాపాయన దగ్గరికే వెళ్ళాను. “మీ పాతది అరిగిపోయింది, అందుకే కొలత తేడా వచ్చింది” అన్నాడు. “అయ్యా, అరిగింది 120 ఉంది, మీ కొత్తది 114. అరిగినది కొత్తదానికంటే పెద్దగా ఎలా ఉంటుంది?” అని రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. సమాధానం లేదు. నా బిల్లు తిప్పి అడ్రసు చూసి, షాపులో ఉన్న పదిమందికీ వినబడేలా “ఒడిశావోడివా, గానుగ ఆడించుకునేవోడికి లెక్కలెందుకయ్యా” అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. ముఖం మాడిపోయింది నాకు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది, పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్రా వైపు ఉండిపోయింది. ఒడిశా ఆఫీసుల్లో మేం తెలుగోళ్ళం, ఆంధ్రా షాపుల్లో ఒడిశావోళ్ళం. ఇంట్లో మాట్లాడేది తెలుగే, పిల్లలకి నేర్పేదీ తెలుగే, అలాంటి మాకు తెలుగువాడి నోటి నుంచే ఈ మాట వినాల్సి రావడం ఎంత అన్యాయం! ఇంకా పైన “వేరే రాష్ట్రం బిల్లు, వెనక్కి తీసుకోవడం కుదరదు” అన్నాడు. పచ్చి అబద్ధం. వెనక్కొచ్చిన సరుకుకి క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తం తగ్గించినట్టు రాసిచ్చే కాగితం) ఇవ్వొచ్చని జీఎస్టీ చట్టంలోనే ఉంది, ఏ రాష్ట్రమైనా సరే.

పైగా “ఆ పాతవన్నీ పీకేసి హెలికల్ పెట్టుకో” అని ఉచిత సలహా. హెలికల్ పళ్ళు వాలుగా ఉంటాయి, చప్పుడు తక్కువే, కాదనను. కానీ అవి షాఫ్టుని పక్కకి తోస్తాయి, ఆ తోపుడు ఆపడానికి థ్రస్ట్ బేరింగులు కావాలి. మా క్రషర్‌కి ఉన్నవి గన్‌మెటల్ బుష్‌లు. ఇక మరలాంటి వర్మ్ గేరు ఒక్క జతలోనే 40కి 1 తగ్గిస్తుంది, రైస్ మిల్లులో ఊక కన్వేయర్‌కి బాగానే ఉంటుంది, గానుగకి పెడితే కరెంటులో చాలా భాగం వేడిగా పోతుంది. తిన్నని పళ్ళ స్పర్ గేరు మోటుదే, మా పనికి అదే సరైనది.

అనకాపల్లిలో ఒక చిన్న వర్క్‌షాపులో పెద్దాయన నా కాగితం చూసి ముందు అడిగిన మాట, “పంటి కోణం పద్నాలుగున్నర డిగ్రీలా, ఇరవయ్యా?” పెద్ద చక్రం పళ్ళ మీద అట్టముక్క నొక్కి అచ్చు తీసుకెళ్ళాను, ఆయన దాన్ని తన గేజుకి ఆనించి చూసి ఇరవై అని తేల్చారు. 17 పళ్ళకి 6వ నంబరు కట్టర్ బిగించారు. చక్రాన్ని సమానంగా పంచి తిప్పే డివైడింగ్ హెడ్ 17 బెజ్జాల వరస మీద పెట్టి, పంటికి రెండు పూర్తి చుట్లు, ఆపైన ఆరు బెజ్జాలు, మళ్ళీ రెండు చుట్లు, ఆరు బెజ్జాలు, అలా పదిహేడు పళ్ళూ లెక్క తప్పకుండా కోశారు. ఈఎన్8 స్టీలు. నేను దగ్గరే నిలబడి చూశాను, ఆయన చేతికి దండం పెట్టాలనిపించింది. షాపువాడు తీసుకున్న దాంట్లో సగం కూడా అడగలేదు.

బిగించాక నీలం రంగు పూసి తిప్పితే పంటి మధ్యలో అచ్చు పడింది, అంటే పళ్ళు సరిగ్గా కలుస్తున్నాయి. ఇక ఆడించడమే.

గేరు చేయించేటప్పుడు పళ్ళ సంఖ్య, బయటి డయా, డీపీయో మాడ్యూలో, కోణం, బోరు, కీవే (కీ కూర్చునే గాడి) అన్నీ కాగితం మీద రాసి షాపు ముద్ర వేయించుకోండి. డబ్బు సగమే ముందు ఇవ్వండి. నేను ఆ షాపుకి క్రెడిట్ నోట్ అడుగుతూ రిజిస్టర్డ్ ఉత్తరం పంపాను. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెడతాను. వ్యాపారానికి కొన్నది వినియోగదారుల చట్టం కిందికి రాదని వాదిస్తారేమో, సొంతంగా కష్టపడి బతుకుతెరువు కోసం కొన్నది వస్తుంది.